నెరిసిన తలలు, కొత్త కంపెనీలు



హైదరాబాద్ మెట్రోలో నాగోలు నుంచి రాయదుర్గం దాకా నడిచే బ్లూ లైన్ ఉంది. దాని తూర్పు కొసన ఎన్జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. భూభౌతిక పరిశోధన సంస్థ, జీవకణాల మీద పనిచేసే సీసీఎంబీ, రసాయన శాస్త్రానికి ఐఐసీటీ, పోషకాహారానికి ఎన్‌ఐఎన్, వీటన్నిటికీ పెద్దదిక్కుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. పడమటి కొసన, రాయదుర్గం దగ్గర, టీ-హబ్ ఉంది. 2015 నవంబరులో గచ్చిబౌలిలో మొదలై 2022లో రాయదుర్గంలో సొంత భవనంలోకి మారిన ఈ సంస్థ పేరు దేశమంతా తెలుసు. స్టార్టప్ అనగానే అందరి చూపూ ఆ పడమటి కొసకే పోతుంది. ఈ ప్రసంగం మాత్రం తూర్పు కొస గురించి.

తార్నాక చౌరస్తా నుంచి లాలాపేట్ దారి పడితే విజయ డెయిరీ వస్తుంది. దానికి కాస్త అవతల లాలాగూడ రైల్వే వర్క్‌షాప్. నిజాం కాలపు రైల్వే కంపెనీ 1893లో పెట్టిన కర్మాగారం అది. ఇంకోవైపు నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి పారిశ్రామికవాడలు. ఈ ఆవరణంలో మూడు నాలుగు తరాల పాటు జీతగాళ్లు స్థిరపడ్డారు. రైల్వే వాళ్లు, యూనివర్సిటీ వాళ్లు, ల్యాబుల వాళ్లు, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వాళ్లు. తార్నాకలో, హబ్సిగూడలో స్ట్రీట్ నంబర్లతో పిలుచుకునే వీధుల్లో చాలా ఇళ్లలో ఇప్పుడు మిగిలింది రిటైరైన దంపతులే. పిల్లలు డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటారు. తెలుగు రాష్ట్రాలు రేపు ఎలా ఉండబోతున్నాయో ఈ వీధులు కొంత ముందుగానే చూపిస్తున్నాయి.

లెక్కలు కూడా ఆ మాటే చెబుతున్నాయి. జనాభా స్థిరంగా ఉండాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు పుట్టాలి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆ సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7కి, తెలంగాణలో 1.8కి దిగింది. కేంద్ర ప్రభుత్వ నిపుణుల బృందం వేసిన అంచనా ప్రకారం 2036 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు ఐదుగురిలో ఒకరు, తెలంగాణలో ఆరుగురిలో ఒకరు అరవై దాటినవాళ్లే ఉంటారు. ఇద్దరు పిల్లల కంటే ఎక్కువ ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి వీల్లేదని 1994లో పెట్టిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసిందంటే పాలకులకూ ఈ బెంగ పట్టుకుందనే అర్థం.

అయితే రేపు పుట్టే బిడ్డ ఒక కంపెనీ పెట్టే వయసుకు రావడానికి పాతికేళ్లకు పైగా పడుతుంది. అంతదాకా ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. ముసలితనం ముంచుకొచ్చిన దేశాల్లో కొత్త వ్యాపారాలు ఎందుకు తగ్గుతాయి? తగ్గకుండా చూసుకునే దారి ఉందా?

ఈ ప్రశ్న మీద పనిచేసినవాళ్లలో జేమ్స్ లియాంగ్ ఒకరు. ఆయన ఉత్త ఆర్థికవేత్త కాదు. చైనాలో ప్రయాణాల టికెట్లు అమ్మే సీట్రిప్ కంపెనీని 1999లో స్థాపించినవాళ్లలో ఆయన కూడా ఉన్నారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చదివి, అక్కడి ఆచార్యుడు ఎడ్వర్డ్ లాజియర్‌తో, హుయ్ వాంగ్‌తో కలిసి ఎనభైకి పైగా దేశాల సమాచారం పరిశీలించారు. ఆ పరిశోధన 2018లో అచ్చయింది. జనాభా ముదిరిన దేశంలో కొత్త వ్యాపారాలు పెట్టేవాళ్లు తగ్గుతారని అందులో తేలింది. అది ఎవరైనా ఊహించగలిగేదే. ఊహకు అందనిది ఇంకొకటి ఉంది. అలాంటి దేశంలో ముప్పై ఏళ్లవాడు కూడా, యువ దేశంలోని ముప్పై ఏళ్లవాడితో పోలిస్తే, వ్యాపారం పెట్టడానికి వెనకాడతాడు. కారణం ధైర్యం తక్కువై కాదు, నేర్చుకునే చోటు దొరకక. కంపెనీ నడపడానికి కావలసిన విద్య పుస్తకాల్లో ఉండదు. సరుకు కొనడం, మనుషుల్ని పెట్టుకోవడం, తేడా వస్తే రాత్రికి రాత్రి నిర్ణయం తీసుకోవడం ఉద్యోగంలో బాధ్యత గల కుర్చీలో కూర్చుంటేనే వస్తాయి. ఆ కుర్చీల నిండా పెద్దవాళ్లే ఉన్నప్పుడు కుర్రవాడికి ఆ అవకాశం నలభై ఐదో ఏటనో, యాభయ్యో ఏటనో వస్తుంది. అప్పటికి పిల్లల చదువులు, ఇంటి అప్పు మెడకు చుట్టుకుని ఉంటాయి.

ఈ సిద్ధాంతాన్ని తూచి చూడటానికి హైదరాబాద్ కంటే మంచి చోటు ఉండదు. బాలానగర్‌లో ఐడీపీఎల్ కథ చూస్తే సంగతి తెలుస్తుంది.

ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1961లో పుట్టింది. సోవియట్ సహాయంతో హైదరాబాద్‌లో సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు, రుషీకేశ్‌లో యాంటీబయాటిక్స్ ప్లాంటు కట్టారు. హైదరాబాద్ ప్లాంటు 1967లో మొదలైంది. కొత్త ఫ్యాక్టరీ కాబట్టి పైన పాతుకుపోయిన సీనియర్లు లేరు. కాలేజీల నుంచి అప్పుడే వచ్చిన రసాయన ఇంజనీర్లకు, కెమిస్టులకు పెద్ద పెద్ద రియాక్టర్లు అప్పగించారు. ప్రయోగశాలలో గ్రాముల్లో చేసే మందును టన్నుల్లో చేయడం, యీల్డ్ ఎక్కడ పడిపోతోందో పట్టుకోవడం, ఏ ద్రావకాన్ని తిరిగి వాడుకోవచ్చో లెక్కగట్టడం అన్నీ చేతిమీదుగా నేర్చుకున్నారు. 1969లో అక్కడ చేరిన కల్లం అంజిరెడ్డి అప్పటికి ముప్పై ఏళ్ల మనిషి. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు. బొంబాయిలో చదివి, పుణే జాతీయ రసాయన ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేసి వచ్చారు. ఐడీపీఎల్‌లో ఆరేళ్లు ఉన్నారు. ఆ ఆరేళ్లలో ఒక మందు పుట్టుక మొదటి నుంచి చివరి దాకా ఎలా జరుగుతుందో చూశారు.

ఈలోగా చట్టం మారింది. 1970లో పార్లమెంటు ఆమోదించిన పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 2005 దాకా మందు మీద పేటెంటు ఇచ్చేవారు కాదు, తయారుచేసే పద్ధతి మీదే ఇచ్చేవారు. అంటే అదే మందును వేరే దారిలో తయారుచేయగలిగినవాడికి తలుపులు బార్లా తెరుచుకున్నాయి. వేరే దారి తెలిసినవాళ్లు బాలానగర్‌లోనూ, తార్నాకలో ఆర్‌ఆర్‌ఎల్ అని పిలుచుకునే ప్రాంతీయ పరిశోధనశాలలోనూ ఉన్నారు. అంజిరెడ్డి 1970ల మధ్యలో బయటికొచ్చి యూనిలాయిడ్స్‌లో, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్‌లో భాగస్వామిగా పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పెట్టారు. అప్పటికి ఆయన వయసు నలభై ఐదు దగ్గర. ఆ నీడన పనిచేసినవాళ్లలో మురళి దివి 1990లో విడిపోయి దివీస్‌కు పునాది వేశారు. పార్థసారథిరెడ్డి 1993లో హెటిరో మొదలుపెట్టారు. హైదరాబాద్ చుట్టూ మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీల వంశవృక్షం గీస్తే చాలా కొమ్మలు ఐడీపీఎల్ మొదలుకే చేరతాయి. అది పరిశ్రమకు నారుమడిగా పనిచేసింది.

మరి ఆ నారుమడి ఏమైంది? ఐడీపీఎల్‌ను 1992లో ఖాయిలా పడ్డ పరిశ్రమగా ప్రకటించారు. కొత్త నియామకాలు ఆగాయి. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. 2016 డిసెంబరులో మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. నష్టాల లెక్క చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పు పట్టలేం. కానీ ఐడీపీఎల్ ఇచ్చిన అసలు లాభం దాని ఖాతా పుస్తకాల్లో ఎప్పుడూ రాయలేదు. అక్కడ పని నేర్చుకుని వెళ్లినవాళ్లు పెట్టిన కంపెనీల్లో, అవి కట్టిన పన్నుల్లో, అవి ఇచ్చిన ఉద్యోగాల్లో ఆ లాభం ఉంది. ఒక ప్రభుత్వ రంగ సంస్థను తూచేటప్పుడు ఈ పద్దు కూడా చూడాలి. ఇన్నేళ్లలో ఎవరూ సరిగా చూడలేదు.

ఇక ఉస్మానియా ఆవరణలోకి వద్దాం.

కె.ఐ. వరప్రసాదరెడ్డి 1948లో పుట్టారు. చదివింది ఎలక్ట్రానిక్స్. హైదరాబాద్‌లోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాలలో కొన్నాళ్లు, రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థలో కొన్నాళ్లు చేశారు. తర్వాత బ్యాటరీల కంపెనీలో భాగస్వామిగా ఉండి బయటికొచ్చారు. మందులతో సంబంధమే లేని మనిషి. 1990ల మొదట్లో జెనీవాలో జరిగిన ఒక సదస్సులో హెపటైటిస్-బి కాలేయానికి చేసే చేటు గురించి విన్నారు. టీకా ఉందని తెలిసింది. దిగుమతి టీకా డోసు ధర ఇరవై డాలర్లకు పైమాటే అని కూడా తెలిసింది. ఆ ధరకు ఈ దేశంలో సామాన్యుడి బిడ్డకు టీకా పడదు. దాన్ని ఇక్కడే తయారుచేయాలని 1993లో తల్లి శాంత పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. వయసు నలభై నాలుగు.

డబ్బు కోసం తిరగని చోటు లేదు. జన్యుమార్పిడి సాంకేతికతతో టీకా చేస్తామంటే దేశంలో ఏ బ్యాంకూ నమ్మలేదు. చివరికి చెయ్యందించినవారు ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. ఇక ప్రయోగశాల కావాలి. అందుకు సొంత భవనం కట్టే స్తోమత కంపెనీకి లేదు. అందుకని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చోటు తీసుకుని పరిశోధన మొదలుపెట్టారు. ఆ తర్వాత పక్కనే ఉన్న సీసీఎంబీకి మారారు. పిచియా పాస్టోరిస్ అనే యీస్ట్‌లో టీకాకు కావలసిన ప్రొటీన్‌ను పండించే పద్ధతిని యువ శాస్త్రవేత్తలు సాధించారు. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. జన్యుమార్పిడి పద్ధతిలో భారత్ స్వయంగా తయారుచేసిన మొదటి టీకా అదే. ధర డోసుకు దాదాపు ఒక డాలరు. మరుసటి ఏడాది భారత్ బయోటెక్ కూడా తన టీకాతో దిగింది. పోటీ పెరిగి ధర ఇంకా దిగింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కాక ఐక్యరాజ్యసమితి సంస్థలు కూడా ఆ టీకా కొనగలిగాయి. 2009లో ఫ్రెంచి కంపెనీ సనోఫీ శాంతాలో పెద్ద వాటా కొనేసింది.

ఈ కథను చాలామంది పట్టుదల కథగా చెబుతారు. పట్టుదల ఉంది, కాదనలేం. కానీ తార్నాక వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం, ఒక ప్రభుత్వ పరిశోధనశాల తమ గదులను, పరికరాలను, నిపుణులను ఒక ప్రైవేటు కంపెనీకి అందుబాటులో ఉంచాయి. అప్పటికి ఇంక్యుబేటర్ అనే మాట ఇక్కడ వాడుకలోకి రాలేదు. జీవశాస్త్రం తెలియని నలభై నాలుగేళ్ల వ్యాపారికి ఆ శాస్త్రం తెలిసిన యువకులు దొరికారు. వాళ్లకు ఒక లక్ష్యం, జీతం, బాధ్యత దొరికాయి. వయసుల మధ్య కుదిరిన ఆ పొత్తే టీకాను తెచ్చింది.

నలభై నాలుగు, నలభై ఐదు అన్న అంకెలు రెండు చోట్లా రావడం పెద్ద విచిత్రమేం కాదు. అమెరికాలో పియర్ అజూలే, బెంజమిన్ జోన్స్ తదితరులు 2020లో ప్రచురించిన పరిశోధనలో, అత్యంత వేగంగా ఎదిగిన కంపెనీలను స్థాపించినవాళ్ల సగటు వయసు 45 అని తేలింది. హాస్టల్ గదిలో ఇరవై ఏళ్ల కుర్రవాడు కోట్లకు పడగలెత్తడం వార్త అవుతుంది కాబట్టి మనకు గుర్తుంటుంది. గట్టిగా నిలబడే కంపెనీలు ఎక్కువగా ఆ రంగంలో కొన్నేళ్లు నలిగినవాళ్ల చేతుల్లోనే పుడుతున్నాయి. వయసు పెరగడమే శాపం కాదని ఇది రుజువు చేస్తుంది. అయితే ఆ నలభై ఐదేళ్లవాడు ముప్పై ఏళ్లకే బాధ్యత చూసి ఉండాలి. లియాంగ్, లాజియర్ చెప్పిందీ ఇదే.

మరి అరవై దాటితే?

అల్లా వెంకట రామారావు 1935లో గుంటూరులో పుట్టారు. పుణే జాతీయ రసాయన ప్రయోగశాలలో పనిచేసి, 1985లో తార్నాక పరిశోధనశాలకు డైరెక్టరుగా వచ్చారు. 1944లో హైదరాబాద్ సంస్థానం పెట్టిన ప్రయోగశాల అది. 1956లో ప్రాంతీయ పరిశోధనశాల అయింది. రామారావు హయాంలో, 1989లో, ఐఐసీటీ అనే పేరు వచ్చింది. ఎయిడ్స్ ప్రపంచాన్ని వణికిస్తున్న రోజుల్లో దానికి ఉన్న మందు ఏజడ్‌టీ ఒక్కటే. అది బయటి దేశాల్లో తయారయ్యేది, ధర అందనంత. దాన్ని చవకగా తయారుచేసే పద్ధతిని ఆయన బృందం కనిపెట్టి మందుల కంపెనీ సిప్లాకు ఇచ్చింది. 1993లో సిప్లా దాన్ని మన దేశంలో విడుదల చేసింది. 1995లో రామారావుకు అరవై నిండాయి. నిబంధన ప్రకారం డైరెక్టరు కుర్చీ దిగారు. అదే ఏడాది ఆవ్రా లేబొరేటరీస్ పెట్టారు. తాను అంతకాలం పనిచేసిన సంస్థకు దగ్గరలోనే, హబ్సిగూడ, నాచారం ప్రాంతంలో. 1991లో పద్మశ్రీ వచ్చింది శాస్త్రవేత్తగా. 2016లో పద్మభూషణ్ వచ్చేనాటికి ఆయన ఇరవై ఏళ్లకు పైగా పారిశ్రామికవేత్త.

రామారావు లాంటివాళ్లు అరుదు, అందరూ అలా చేయలేరు అంటారు. నిజమే. కానీ ఆయనకు ఉన్నవేమిటో విడదీసి చూస్తే, అందులో చాలా భాగం తార్నాకలో ఎంతోమంది దగ్గర ఉంది. ముప్పై ఏళ్ల పనిలో వచ్చిన ప్రాసెస్ జ్ఞానం ఒకటి. తన చేతి కింద పీహెచ్‌డీలు చేసి పరిశ్రమంతా పరుచుకున్న శిష్యులు రెండోది. మూడోది పెన్షన్. ఈ మూడోదాని గురించి ఎవరూ మాట్లాడరు. కొత్త వ్యాపారం మొదటి రెండేళ్లు జీతం ఇవ్వదు. పాతికేళ్ల కుర్రవాడు నెల నెలా ఇంటికి డబ్బు పంపాలి. పెళ్లీ పిల్లలూ అయిన ముప్పై అయిదేళ్లవాడికి ఇంటి రుణం వాయిదాలు ఉంటాయి. 2004కు ముందు కేంద్ర ఉద్యోగంలో చేరి రిటైరైన శాస్త్రవేత్తకు మాత్రం ప్రతి నెలా పాత పద్ధతి పెన్షన్ బ్యాంకులో పడుతుంది. ఈ దేశంలో నష్టాన్ని తట్టుకోగల స్తోమత అందరికంటే ఎక్కువ ఉన్నది ఈయనకే. ఆయనేమో కాలనీ సంక్షేమ సంఘం లెక్కలు చూసుకుంటూ కూర్చుంటున్నారు. ఇంత అనుభవం ఇలా వాడకుండా పోవడం బాధ కలిగించే విషయం.

ఇక కుర్రవాళ్లు ఎక్కడున్నారు? ఉస్మానియా గ్రంథాలయాల్లో, చెట్ల కింద, హాస్టళ్లలో పోటీ పరీక్షల పుస్తకాలతో ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ వస్తే దరఖాస్తులు మూడున్నర లక్షలు దాటాయి. ఆ ప్రిలిమ్స్ ఒకసారి ప్రశ్నపత్రం లీకై రద్దయింది. మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి మూడోసారి ప్రిలిమ్స్ పెట్టారు. ఇరవై మూడో ఏట చదవడం మొదలుపెట్టినవాడు ఇరవై ఆరు దాటినా అక్కడే ఉన్నాడు. వీళ్లను సోమరులంటే అన్యాయం. రైతు కూలీ ఇంట్లో మొదటి తరం చదువుకున్న పిల్లవాడికి ప్రభుత్వ ఉద్యోగం అంటే కుటుంబం మొత్తానికి భద్రత. వ్యాపారంలో ఓడిపోతే పడి లేవడానికి కింద ఏమీ లేదు. అందుకే 'ధైర్యం చేయండి' అని వేదికల మీద నుంచి చెప్పే ఉపన్యాసాలు వాళ్ల చెవికి ఎక్కవు. ఎక్కాల్సిన అవసరం కూడా లేదు.

వాళ్లకు కావలసింది ముప్పైలోపే ఒక నిజమైన బాధ్యత. అది దొరకాల్సిన చోట్లలో మొదటిది విశ్వవిద్యాలయం. ఉస్మానియాలో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయ అధ్యాపకుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కి పెంచింది. అనుభవం గల ఆచార్యులు ఇంకో ఐదేళ్లు ఉండటం మంచిదే. కొత్తవాళ్లను తీసుకోకుండా పాతవాళ్ల గడువు పెంచడం మాత్రం లియాంగ్ చెప్పిన జబ్బును చేతులారా తెచ్చుకోవడమే. అరవై దాటిన ఆచార్యుడు పాఠం చెప్పనివ్వండి, పరిశోధన చేయనివ్వండి. శాఖాధిపతి కుర్చీ, ప్రయోగశాల పెత్తనం, కొనుగోళ్ల సంతకం ముప్పై ఐదేళ్లవాడికి ఇవ్వండి. పోస్టులు నింపండి. ఈ మూడూ కలిస్తేనే ఆ పెంపు వల్ల మేలు జరుగుతుంది.

జనాభా ముదిరే ఈ దారిలో జపాన్ మనకంటే ముప్పై నలభై ఏళ్లు ముందుంది. అక్కడ జనాభాలో 65 దాటినవాళ్లు దాదాపు 29 శాతం. 2025 నాటికి డెబ్బై దాటిన చిన్న, మధ్యతరహా సంస్థల యజమానులు 24.5 లక్షల మంది ఉంటారని, వాళ్లలో 12.7 లక్షల మందికి వారసులు ఖరారు కాలేదని ఆ ప్రభుత్వం ముందే లెక్కగట్టింది. ఆ సంస్థలు నష్టాల్లో ఉన్నవి కూడా కావు. టోక్యోలో ఒకానో అనే చిన్న కార్ఖానా ఉండేది. ఇన్సులిన్ తీసుకునే చక్కెర రోగుల కోసం నొప్పి తెలియని సన్నని సూదిని తయారుచేసి పేరు తెచ్చుకుంది. దాని యజమాని మసాయుకి ఒకానో ఎనభై దాటాక, తర్వాత నడిపేవాళ్లు లేక మూసేయడానికి సిద్ధపడ్డారు. పని ఉంది, కొనేవాళ్లు ఉన్నారు, లాభం ఉంది. అందుకోగల చెయ్యి లేదు.

నాచారంలో, మౌలాలిలో, చర్లపల్లిలో ఇది మొదలైపోయింది. 1970లు, 80లలో ఈసీఐఎల్, రైల్వే వర్క్‌షాపు, బల్క్ డ్రగ్ కంపెనీల పని మీద ఆధారపడి లేత్ మెషీన్లు, ఫ్యాబ్రికేషన్ షెడ్లు, చిన్న రసాయన యూనిట్లు పెట్టిన తరం ఇప్పుడు డెబ్బైల్లో ఉంది. కొడుకూ కూతురూ ఇంజనీరింగ్ చదివారు. ఆ షెడ్డు డబ్బుతోనే చదివారు. చదివి విమానం ఎక్కారు. నగరం పెరిగి భూమి ధర పెరిగింది. షెడ్డులో జరిగే పని కంటే షెడ్డు కింద ఉన్న స్థలం విలువైనదైంది. యజమానికి తేలిక దారి మెషీన్లు తుక్కు కింద అమ్మి, స్థలాన్ని గోదాముకో, ఫంక్షన్ హాలుకో ఇచ్చేయడం. అలా అమ్మిన ప్రతిసారీ ముప్పై ఏళ్లు లేత్ మీద నిలబడిన ఫోర్‌మన్ చేతిలోని విద్య కూడా తుక్కులోకే పోతోంది.

జపాన్ ఆలస్యంగానైనా ఒక పని చేసింది. మొత్తం 47 ప్రిఫెక్చర్లలో, అంటే అక్కడి పాలనా విభాగాల్లో, వ్యాపారాల అప్పగింతకు సహాయ కేంద్రాలు పెట్టింది. వారసుడు లేని యజమానిని, డబ్బు తక్కువున్నా పని తెలిసిన యువకుడిని అక్కడ ఒకచోట కూర్చోబెడతారు. వాటా బదిలీ చేసేటప్పుడు పడే పన్నును 2018 నుంచి బాగా సడలించారు. మనకు ఇలాంటిదేదీ లేదు. స్టార్టప్ ఇండియా, ముద్ర, టీ-హబ్, వీ-హబ్ అన్నీ కొత్తది మొదలుపెట్టేవాడి కోసం. ఉన్నదాన్ని అందుకుని నడిపేవాడి కోసం ఏ పథకమూ కనబడదు. ఒక నడుస్తున్న యూనిట్‌ను కొనుక్కున్న ఫోర్‌మన్ కూడా పారిశ్రామికవేత్తే. అతనికి కొనుగోలుదారులు సిద్ధంగా ఉన్నారు, మెషీన్లు తిరుగుతున్నాయి, మనుషులకు పని తెలుసు. సున్నా నుంచి మొదలుపెట్టే పట్టభద్రుడి కంటే అతను నిలబడే అవకాశమే ఎక్కువ.

పెద్దవాళ్ల విషయంలో చట్టాలు అడ్డు రావడం లేదన్నది కూడా చెప్పుకోవాలి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకానికి పద్దెనిమిదేళ్లు నిండాలన్న నిబంధన ఉంది గానీ గరిష్ఠ వయసు లేదు. తయారీ యూనిట్‌కు 50 లక్షల రూపాయల ప్రాజెక్టు దాకా దాని కింద సహాయం ఉంటుంది. ప్రభుత్వ పరిశోధనశాలల్లో పనిచేసే శాస్త్రవేత్తలు ఉద్యోగంలో ఉండగానే తమ పరిశోధనతో కంపెనీ పెట్టి వాటా తీసుకోవడానికి 2009లోనే కేంద్రం దారి తెరిచింది. 2019లో విద్యాశాఖ తెచ్చిన విధానం ఆచార్యులకూ విద్యార్థులకూ అలాంటి వెసులుబాటే ఇచ్చింది. చదువు మధ్యలో విరామం తీసుకుని కంపెనీ పెట్టే అవకాశం విద్యార్థికి ఉంది, సెలవు పెట్టి కంపెనీ నడిపే వీలు ఆచార్యుడికి ఉంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. బ్యాంకు కౌంటరు దగ్గర మాత్రం 'రుణం తీరేనాటికి మీ వయసెంత ఉంటుంది?' అన్న ప్రశ్న ఇంకా ఎదురవుతూనే ఉంటుంది. రుణం అడిగే దరఖాస్తులో అరవై ఐదేళ్ల శాస్త్రవేత్త పేరు పక్కన ఇరవై ఎనిమిదేళ్ల భాగస్వామి పేరు ఉంటే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

అలాంటి జంటలను కుదర్చడానికి తార్నాక కంటే అనువైన చోటు తెలుగునాట మరొకటి లేదు. సీసీఎంబీకి సొంత ఇంక్యుబేషన్ కేంద్రం ఉంది, ఉస్మానియా కూడా ఒకటి పెట్టుకుంది. ప్రతి ఏడాదీ ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌ఐఎన్, ఎన్జీఆర్‌ఐల నుంచి ఎవరు రిటైరవుతున్నారో ఏడాది ముందే తెలుసు. సన్మానం చేసి శాలువా కప్పి పంపేలోగా, వాళ్ల చేతిలో ఏ ప్రాసెస్ ఉంది, ఏ పరికరం మీద పట్టు ఉంది అన్నది రాసిపెట్టాలి. ఒక పెద్ద, ఒక యువకుడు కలిసి వస్తేనే ప్రయోగశాలలో బల్ల అద్దెకిస్తామన్న నియమం పెట్టాలి. అద్దె తక్కువగా ఉండాలి, గడువు మూడేళ్లకు తగ్గకూడదు. శాంతాకు స్థాపన నుంచి టీకా దాకా పట్టింది నాలుగేళ్లు మరి.

నాచారం, మల్లాపూర్, చర్లపల్లి విషయంలో పని ఇంకా తేలిక. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా పరిశ్రమల కేంద్రం, పారిశ్రామికవాడల సంఘాలు కలిసి కూర్చుని, 65 దాటిన యజమానులున్న యూనిట్లు ఎన్ని, వాటిలో వారసులు లేనివెన్ని, కొనడానికి ముందుకొచ్చే ఫోర్‌మన్‌లు, సూపర్‌వైజర్లు ఎవరున్నారు అని ఒక పట్టిక తయారుచేయాలి. ఆ పట్టికను బ్యాంకుల జిల్లాస్థాయి సమావేశంలో పెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. నాచారం షెడ్లలో మెషీన్లు ఇంకా తిరుగుతుండగానే ఆ లెక్క తేలితే, వాటిలో కొన్నింటి బోర్డు మీద పాత యజమాని పేరు కింద కొత్త యజమానిగా ఒక ఫోర్‌మన్ పేరు రాసుకోవచ్చు.